చికానా కథల్లో ప్రేమ ఎక్కడుందని అడిగారు కదా, ముందు కారు తాళం ఎవరి దగ్గరుందో చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. ఎంఏ సిలబస్‌లో ఉందని 'ద హౌస్ ఆన్ మ్యాంగో స్ట్రీట్' చదివారు, పిల్లల పుస్తకంలా సన్నగా ఉంది, దీనికింత పేరెందుకో తెలీలేదు, తర్వాత ఇంకో రెండు కథలు తిరగేస్తే మొగుడు కొట్టడం పెళ్లాం ఏడవడం తప్ప ప్రేమ కనపడలేదు, గైడ్‌లో చూస్తే పేజీకి నాలుగుసార్లు ఐడెంటిటీ ఐడెంటిటీ అని ఉంది, ఇప్పుడేమో మీ బుక్ క్లబ్ వాళ్లు చికానా రచయిత్రుల మీద రెండు నెలలు పెడదాం అంటున్నారు, ఎక్కడ మొదలెట్టాలి? ఇదీ మీ బాధ.

నేను ప్రొఫెసర్నేం కాదు. 2003లో హెచ్-4 (డిపెండెంట్) వీసా మీద టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో వచ్చా, కొన్నేళ్లకి ఇక్కడే ఒక చిన్న లైబ్రరీలో ఉద్యోగం దొరికింది, అక్కడ పన్నెండేళ్లుగా నెలకో పుస్తకం చొప్పున రీడింగ్ గ్రూప్ నడుపుతున్నా. వచ్చేవాళ్లలో సగానికి పైగా మెక్సికన్ అమెరికన్ ఆడవాళ్లే. నాకు తెలిసిందంతా వాళ్ల దగ్గర నేర్చుకున్నదే, మొదటి ఏడాదైతే నా స్పానిష్ పలుకుబడికి పడీ పడీ నవ్వేవాళ్లు.

ముందు చికానా అనే మాట సంగతి తేల్చేద్దాం, మెక్సికన్ మూలాలున్న అమెరికా ఆడవాళ్లు తమకి పెట్టుకున్న పేరు. 1848లో యుద్ధం ఓడిపోయి గ్వాడలూపే ఇదాల్గో ఒప్పందం మీద సంతకం పెట్టాక మెక్సికో నేలలో దాదాపు సగం అమెరికా చేతికి పోయింది, ఇవాళ్టి కాలిఫోర్నియా మొత్తం, న్యూ మెక్సికో, ఆరిజోనాల్లో చాలా భాగం అక్కడిదే, టెక్సాస్ అయితే అంతకు ముందే పోయింది. కాబట్టి వీళ్లందరూ మనలాగా వలస వచ్చినవాళ్లే అనుకుంటే పప్పులో కాలేసినట్టే, కొన్ని కుటుంబాలు ఉన్నచోటు నుంచి అంగుళం కూడా కదల్లేదు, బోర్డరే వాళ్ల నెత్తి మీదుగా దాటిపోయింది, తర్వాత వందేళ్లలో వచ్చినవాళ్లు వేరే. చికానో అన్నది ఒకప్పుడు చిన్నచూపుతో వాడిన మాట, 1960ల ఉద్యమంలో కుర్రకారు దాన్నే పేరుగా పెట్టుకున్నారు. మగాళ్లు చికానో, ఆడవాళ్లు చికానా. అదే ఉద్యమంలో ఆడవాళ్ల చేత వంట చేయించి, టైపింగ్ చేయించి, మా సంగతేంటి అని అడిగినవాళ్లని ద్రోహులన్నారు. ద్రోహి అనడానికి వాళ్ల దగ్గర ఒక పేరు రెడీగా ఉంది, మలించే. 1519లో మెక్సికో మీదికి దండెత్తి వచ్చిన స్పెయిన్‌వాడు కొర్తెస్‌కి కానుకగా ఇచ్చిన ఇరవై మంది బానిస ఆడవాళ్లలో ఒకమ్మాయి, రెండు భాషలు వచ్చు కాబట్టి అతనికి దుబాసీగా చేసింది, మెక్సికో కూలిపోయిందంటే ఆ తప్పంతా ఆవిడ నెత్తినే రుద్దారు. తనని ఇచ్చేసినవాళ్లని ఎవరూ ద్రోహులనలేదు చూడండి! చికానా రచయిత్రులు చాలామంది ముందు పట్టుకున్న పాయింట్ ఇదే.

ఇక మీ ప్రశ్న. నేనైతే ఐడెంటిటీ అనే మాటని పక్కన పెట్టేసి చదవమంటా. ఇల్లు ఎవరి పేరు మీద ఉంది, కిటికీ దగ్గర ఎవరు కూర్చున్నారు, తలుపు గడియ ఏ వైపు ఉంది, బండి ఎవరు నడుపుతున్నారు, చేతిలో ఎంత డబ్బుంది, ఇవి చూసుకుంటూ చదవండి, మిగతావన్నీ వాటంతటవే వస్తాయి.

మ్యాంగో స్ట్రీట్‌నే మళ్లీ తియ్యండి. సాండ్రా సిస్నెరోస్ చికాగోలో 1954లో పుట్టింది, ఆరుగురు మగపిల్లల మధ్య ఒక్కతే ఆడపిల్ల. అయోవాలో రైటింగ్ కోర్సు చదువుతున్నప్పుడు క్లాసులో ఇల్లు అనే ఊహ గురించి చర్చ నడిచిందట, తోటివాళ్లు మాట్లాడే అటకలు, మెట్లు, మూలలున్న ఇల్లు తన జీవితంలో ఎప్పుడూ లేదని ఆవిడకి అక్కడే తట్టింది, ఈ పుస్తకం అందులోంచే పుట్టింది. 1984లో హ్యూస్టన్‌లోని ఆర్తె పుబ్లికో అనే చిన్న ప్రెస్ వేసింది. మొత్తం 44 చిన్న చిన్న తునకలు, కొన్ని ఒక పేజీ కూడా ఉండవు, అందుకే మీకు పిల్లల పుస్తకంలా అనిపించింది. కానీ ఈసారి కిటికీలు లెక్కపెట్టండి. మొదట్లోనే కథ చెప్పే పిల్ల ఎస్పెరాన్సా తన ముత్తవ్వ గురించి చెప్తుంది, పొగరుబోతు గుర్రంలాంటి మనిషి, పెళ్లొద్దంటే ముత్తాత నెత్తి మీద గోనెసంచి కప్పి ఎత్తుకుపోయాడు, ఆ తర్వాత జీవితమంతా మోచేతి మీద గడ్డం ఆనించి కిటికీలోంచి చూస్తూ గడిపేసింది. ఆవిడ పేరే ఈ పిల్లకి పెట్టారు. పేరు తీసుకుంటాగానీ ఆ కిటికీ దగ్గర చోటు నాకొద్దంటుంది పిల్ల. అక్కణ్నుంచి వరస పెట్టి కిటికీలే. రఫాయెలా మరీ అందగత్తె కాబట్టి పారిపోతుందని భయపడి మొగుడు మంగళవారం మంగళవారం బయట తాళం వేసి డామినోస్ ఆడుకోడానికి పోతాడు (ఆట అండీ, పిజ్జా కాదు), ఈవిడ పైనుంచి డాలర్ నోటు కిందికి జారవిడిచి, పిల్లలు షాపుకెళ్లి కొబ్బరి జ్యూసో బొప్పాయి జ్యూసో తెస్తే బట్టలారేసే తాడుకి కట్టిన సంచిలో పైకి లాక్కుంటుంది. శాలీ తండ్రి దెబ్బలు తప్పించుకోడానికి ఎనిమిదో క్లాసు కూడా కాకముందే పెళ్లి చేసుకుంటుంది, ఆ మొగుడు కిటికీలోంచి చూడనివ్వడు, ఫోన్ మాట్లాడనివ్వడు, ఆ పిల్ల తమకున్న వస్తువులు చూసుకుంటూ కూర్చుంటుంది, టవళ్లు, టోస్టర్, నేల మీద పరిచిన లినోలియం మీద గులాబీ పూలు. నాకు ఈ పుస్తకంలో అన్నిటికంటే భయం వేసిన చోటు అదే, చెయ్యెత్తడం లేదు, అరుపుల్లేవు, నేల మీద గులాబీలు, అంతే.

ఇంకో చిన్న సంగతి, గైడ్‌లో ఉండదు. ఎస్పెరాన్సా అనే పేరుకి మూలమైన ఎస్పెరార్ అనే స్పానిష్ క్రియకి ఆశపడటం, ఎదురుచూడటం రెండూ అర్థాలే. మనకి ఆ రెండూ ఒక్క మాటలో పడవు, ఆశ వేరు ఎదురుచూపు వేరు. వాళ్ల భాషలో పేరులోనే కిటికీ ఉంది అనుకోండి, అందుకే ఆ పిల్లకి తన పేరంటే అంత చిరాకు.

ప్రేమ లేదన్నారు, తెల్లారకముందే లేచే నాన్న మీద ఒక తునక ఉంది, మళ్లీ చదవండి. వాళ్ల నాన్న చీకట్లో వచ్చి మంచం మీద కూర్చుని మీ తాత పోయాడమ్మా అని చెప్పి కోటు నలిగినట్టు నలిగిపోయి ఏడుస్తాడు, అంతవరకూ ఆయన ఏడవడం ఆ పిల్ల చూళ్లేదు, పెద్దది కాబట్టి తమ్ముళ్లకీ చెల్లికీ తనే చెప్పాలి, ముందైతే నాన్నని గట్టిగా పట్టుకుని ఉండిపోతుంది. ఇది ప్రేమ కాకపోతే ఇంకేంటి చెప్పండి.

ఇప్పుడు అసలు కథ. 1991లో వచ్చిన 'ఉమన్ హాలరింగ్ క్రీక్' సంపుటిలో అదే పేరుతో ఒక కథ ఉంది, మీ క్లబ్‌లో మొదలెట్టాల్సింది దీంతోనే. క్లెయోఫిలాస్ అని మెక్సికో ఊళ్లో పిల్ల, రోజూ టెలినొవెలాలు, అంటే మన సీరియల్సే, చూస్తూ పెరిగింది, ప్రేమ కోసం కష్టపడటమే తియ్యగా ఉంటుందని వాటిల్లో నేర్చుకుంది. పెళ్లయి బోర్డర్ దాటి టెక్సాస్‌లోని సెగీన్ అనే ఊరొచ్చింది. మొగుడు కొట్టడం మొదలెట్టాడు, మొదటి దెబ్బకి ఈవిడ ఏడవలేదు, ఎదురు తిరగలేదు, పారిపోలేదు, బిత్తరపోయి నిలబడిపోయింది. ఇంటికి ఒకవైపు సొలెదాద్, ఇంకోవైపు దొలోరెస్ అని ముసలమ్మలు, పేర్లకి అర్థం ఒంటరితనం, నొప్పులు. వెనకాల వాగు. ఇక్కడ ఊళ్లు ఎలా కట్టారంటే నడిచి వెళ్లే చోటు ఉండదు, మీ ఊళ్లోలా వీధి చివర రచ్చబండా గుడీ ఉండవు, కారు లేకపోతే మొగుడి మీద ఆధారపడాల్సిందే, కథలో ఆ మాట సూటిగానే ఉంది.

ఇది చదివినప్పుడు నాకు నా మొదటి అపార్ట్‌మెంట్ గుర్తొచ్చింది. ఒకటే కారు, అది పొద్దున్నే ఆఫీసుకి పోయేది, నాకు పని పర్మిట్ లేదు (హెచ్-4లో కొందరికి అది 2015లో కదా వచ్చింది), లైసెన్స్ తీసుకోడానికే పద్నాలుగు నెలలు పట్టింది, గ్రోసరీ షాపు రెండు మైళ్లు, మధ్యలో ఫుట్‌పాత్ లేదు. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ కొట్టలేదండోయ్, అది వేరే సంగతి, కానీ బాల్కనీలో కూర్చుని పార్కింగ్ లాట్ చూస్తూ ఎన్ని మధ్యాహ్నాలు గడిపానో నాకే తెలుసు. మా గ్రూపులో ఒక పెద్దావిడ ఈ కథ మీద చర్చలో అందరూ గృహహింస గృహహింస అంటుంటే చివరిదాకా విని, మా ఆయన నా మీద చెయ్యి ఎత్తలేదు, ముప్పై ఏళ్లలో కారు తాళం మాత్రం ఒక్కసారి చేతికివ్వలేదు అంది. అంతే, గది నిశ్శబ్దం. ఆ రోజు నుంచి నేను ఈ కథల్లో దెబ్బలకంటే తాళాలు ఎక్కువ చూస్తున్నా.

సరే కథలోకి. ఆ వాగు పేరు స్పానిష్‌లో లా గ్రితోనా, అంటే అరిచే ఆడది. ఎందుకరిచింది, కోపంతోనా నొప్పితోనా అని అడిగితే ఎవరికీ తెలీదు. మెక్సికోలో ప్రతి పిల్లకీ తెలిసిన కథ లా యొరోనా, పిల్లల్ని నీళ్లలో ముంచేసి రాత్రిళ్లు ఏటి ఒడ్డున ఏడుస్తూ తిరిగే ఆడదెయ్యం. క్లెయోఫిలాస్ ఒళ్లో పిల్లాణ్ని పెట్టుకుని ఆ వాగు పక్కన కూర్చుంటే మనకి వెన్నులో చలి పుడుతుంది, ఈవిడా అలాగే అయిపోతుందేమోనని. రెండో కడుపుతో క్లినిక్‌కి వెళ్తే అక్కడ గ్రసియెలా అనే అమ్మాయి ఒంటి మీద కమిలిన చోట్లన్నీ చూసి ఫెలీస్ అనే ఫ్రెండ్‌కి ఫోన్ చేస్తుంది, ఆ ఫెలీస్ పికప్ ట్రక్కు వేసుకుని వచ్చి బస్ ఎక్కించడానికి తీసుకెళ్తుంది. ఇది మీ ఆయన బండా అని అడుగుతుంది క్లెయోఫిలాస్. నాకు మొగుడే లేడు, బండి నాదే, నేనే ఎంచుకున్నా, నేనే డబ్బు కడుతున్నా అంటుంది ఫెలీస్. అంతకు ముందు పాంటియాక్ కారు ఉండేదట, అది ముసలమ్మల కారని మార్చేసిందట! వాగు దాటుతున్నప్పుడు టార్జాన్‌లా గొంతు చించుకుని అరుస్తుంది, ప్రతిసారీ ఇలాగే అరుస్తానంటుంది. ఏడవడానికీ కోపానికీ మాత్రమే ఆడది గొంతెత్తుతుందనుకున్న పిల్లకి ఉత్తి సరదాకి కూడా అరవొచ్చని అప్పుడు తెలుస్తుంది, కథ చివర్లో ఒక నవ్వు నీళ్లలా పారుతుంది, అది ఎవరి గొంతులోంచి వస్తోందో మీరే చదువుకోండి.

ఆ వాగు నిజంగానే ఉందండి. శాన్ ఆంటోనియో నుంచి హ్యూస్టన్ వైపు ఐ-10 మీద వెళ్తుంటే సెగీన్ రాకముందే బోర్డు కనపడుతుంది, చూసి చదివేలోపు దాటిపోతాం. మా అమ్మ వచ్చినప్పుడు చూపించి కథంతా చెప్పా, నన్ను కూడా అరవమంది, అరిచా, వెనక సీట్లో మా అబ్బాయి చెవులు మూసుకున్నాడు.

మూడోది హెలెనా మరియా విరామోంతెస్ రాసిన 'అండర్ ద ఫీట్ ఆఫ్ జీసస్', 1995. చిన్న నవలే కానీ మెల్లగా చదవాలి, వాక్యాలు చిక్కగా ఉంటాయి. కాలిఫోర్నియా తోటల్లో కూలిపని చేసుకుంటూ ఊరూరా తిరిగే కుటుంబం, పదమూడేళ్ల ఎస్త్రెయా, తల్లి పెత్రా, తల్లితో ఉండే ముసలాయన పెర్ఫెక్తో. టైటిల్ ఏంటంటే పిల్లల బర్త్ సర్టిఫికెట్లు ఏసు విగ్రహం కాళ్ల కింద దాచి ఉంటాయి, ఇమ్మిగ్రేషన్ వాళ్లు ఆపితే అక్కడున్నాయని చెప్పమంటుంది తల్లి. ఇందులో ప్రేమకథ ఉంది, ఎస్త్రెయాకీ అలేహోకీ, మధ్యాహ్నం ఎండకి ట్రక్కు కింద నీడలో పడుకుని మాట్లాడుకుంటారు, భూమిలో ఎముకలు నూనె ఎలా అవుతాయో తారు గుంటల గురించి అతను చెప్తాడు. తర్వాత అతను చెట్టెక్కి పీచ్ పళ్లు దొంగిలిస్తుంటే పైనుంచి విమానం పురుగుమందు చల్లేస్తుంది.

క్లినిక్ సీన్ నేను చాలాసార్లు గ్రూపులో గట్టిగా చదివి వినిపించా. జబ్బుపడ్డ అలేహోని తీసుకెళ్తే నర్సు చూసి హాస్పిటల్‌కి తీసుకెళ్లండి అని, చూసినందుకు ఫీజు అడుగుతుంది. పెర్ఫెక్తో ఏదైనా రిపేర్ పని చేసిపెడతానంటాడు, వద్దంటుంది. ఉన్నదంతా ఊడ్చి ఇస్తే తొమ్మిది డాలర్ల ఏడు సెంట్లు. ఇక హాస్పిటల్‌కి వెళ్లడానికి పెట్రోల్‌కి డబ్బుల్లేవు. అప్పుడు ఎస్త్రెయా బండిలోంచి ఇనప రాడ్డు తెచ్చి నర్సు టేబుల్ మీద కొట్టి, సరిగ్గా ఆ తొమ్మిది డాలర్ల ఏడు సెంట్లే వెనక్కి తీసుకుంటుంది. పైసా ఎక్కువ తీసుకోదు. ఎముకలు నూనె అయితే ఆ నూనే పెట్రోల్, అది మా ఎముకల్లోంచి తీసిందే అని ఆ పిల్ల బుర్రలో లెక్క కుదిరిపోతుంది, అతను చెప్పిన ప్రేమ ముచ్చట అక్కడ పనికొచ్చింది చూడండి. నర్సు దుర్మార్గురాలేం కాదు, పిల్లల ఫొటో టేబుల్ మీద పెట్టుకుని ఇంటికెళ్లే తొందరలో ఉన్న మామూలు మనిషి. అందుకే ఆ సీన్ మరిచిపోలేం.

మిగతావి గబగబా చెప్తా. ఆనా కస్తియో రాసిన 'సో ఫార్ ఫ్రమ్ గాడ్' (1993), న్యూ మెక్సికోలో సోఫీ, నలుగురు కూతుళ్లు, చిన్నది మూడేళ్లప్పుడు చచ్చిపోయి తన అంత్యక్రియల్లోనే లేచి కూర్చుంటుంది, ఫె అనే కూతురు ఫ్యాక్టరీలో కెమికల్స్ పని చేసి చనిపోతుంది, నవ్విస్తూ నవ్విస్తూ ఏడిపించే పుస్తకం, సెకండాఫ్‌లో మరీ కిక్కిరిసిపోయిందని నాకనిపిస్తుంది, మా గ్రూపులో చాలామంది ఒప్పుకోరు. డెనీస్ చావెస్ రాసిన 'లవింగ్ పెద్రో ఇన్ఫాంతే' (2001) మన తెలుగువాళ్లకి భలే ఎక్కుతుంది, 1957లో విమాన ప్రమాదంలో పోయిన మెక్సికన్ సినిమా హీరోకి ఇంకా నడుస్తున్న అభిమాన సంఘం, అందులో మెంబర్ తెరె పెళ్లయినవాడి ప్రేమలో పడి ఎటూ కాకుండా ఉంటుంది, తెర మీద హీరోని చూసి మొగాణ్ని ఎంచుకుంటే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా. సిస్నెరోస్‌దే 'కారమెలో' (2002) పెద్దది, నాయనమ్మకి వారసత్వంగా వచ్చిన సగం అల్లిన రెబోసో శాలువా చుట్టూ మూడు తరాల కథ, ఫుట్‌నోట్లు వదిలెయ్యకండి, మజా అంతా వాటిల్లోనే.

గ్లోరియా ఆన్సల్దువా 'బోర్డర్‌ల్యాండ్స్' (1987) మాత్రం ఆఖర్న పెట్టండి, అది ఫిక్షన్ కాదు, వ్యాసం, కవిత్వం, జ్ఞాపకం అన్నీ కలిపిన బాపతు, గైడ్ల వాళ్లు ఐడెంటిటీ ముక్కలన్నీ దీంట్లోంచే ఎత్తేస్తారు. అందులో ఒక్కటి చాలు నాకు, స్కూల్లో రిసెస్‌లో స్పానిష్ మాట్లాడుతూ దొరికితే వేళ్ల కణుపుల మీద స్కేలుతో మూడు దెబ్బలు. తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే ఇంగ్లీష్ మీడియం స్కూల్లో చదివినవాళ్లకి మళ్లీ వివరించాలా? ఈవిడా, చెరీ మొరాగా అనే ఇంకో చికానా రచయిత్రీ ఆడవాళ్లు ఆడవాళ్లని ప్రేమించడం గురించి కూడా దాచకుండా రాశారు, ప్రేమ లేదు అనే మీ కంప్లయింట్‌కి అదీ ఒక జవాబు.

ఇవన్నీ పాత గొడవలు అనుకోకండి. ఆరిజోనాలో 2010లో చేసిన చట్టం పేరు చెప్పి టూసాన్ స్కూళ్లలో మెక్సికన్ అమెరికన్ స్టడీస్ క్లాసులు 2012 జనవరిలో ఆపేశారు, మీరు పిల్లల పుస్తకం అన్న మ్యాంగో స్ట్రీట్ ఆ క్లాసుల రీడింగ్ లిస్టులో ఉన్నదే. హ్యూస్టన్ నుంచి రచయితలు, టీచర్లు బస్సులో పుస్తకాలు వేసుకుని టూసాన్ దాకా వెళ్లారు, లిబ్రోత్రఫికాంతే అని పేరు పెట్టుకున్నారు, అంటే పుస్తకాల స్మగ్లర్లు. 2017లో ఫెడరల్ జడ్జి ఆ నిషేధం వెనక జాతి వివక్ష ఉందని తీర్పిచ్చాడు.

మీ రెండు నెలలకి నేనైతే ఇలా పెడతా. మొదటివారం క్లెయోఫిలాస్ కథ ఒక్కటే, పదిహేను పేజీల లోపే ఉంటుంది, ఒక సాయంత్రం చాలు. తర్వాత రెండు వారాలు మ్యాంగో స్ట్రీట్ మళ్లీ, ఈసారి గట్టిగా చదువుకుంటూ, రోజుకి నాలుగైదు తునకలకి మించకుండా. మూడు వారాలు విరామోంతెస్. మిగిలిన రెండు వారాలకి చావెస్ దొరికితే చావెస్, లేకపోతే కస్తియో. స్పానిష్ మాట వచ్చినప్పుడల్లా ఫోన్ తీసి వెతక్కండి, చాలాచోట్ల పక్క వాక్యంలోనే అర్థం ఉంటుంది, లేనిచోట కావాలనే అలా వదిలేశారు, మన కథల్లో ఇంగ్లీష్ మాటలకి మనం ఫుట్‌నోట్ వేస్తామా ఏంటి.

మొదటి మీటింగ్‌లో మాత్రం థీమ్ ఏంటి, సింబల్ ఏంటి అని మొదలెట్టకండి, ఆ పికప్ సీన్ చదివి మీలో ఎవరి పేరు మీద బండి ఉంది అని అడగండి. ఏమన్నారో ఇక్కడ రాయండి, మా గ్రూపు వాళ్లకి చదివి వినిపిస్తా.